సమాధి కెదురుగా కూర్చున్నవారు

గత సంవత్సరము వేసవి ఆరంభమున, మా యాప్రాల్‌లో, మా వీధి చివరి యింట, సైన్యమున ముప్పదియేండ్లకు దగ్గరగా కొలువు చేసి సుబేదారుగా విరమించిన యొక వృద్ధుని భార్య ఒకనాటి రాత్రి నిద్రలోనే కన్నుమూసినది. కుమారుడు అమెరికాలోను కుమార్తె ఆస్ట్రేలియాలోను ఉండుటచేత, వారిరువురును వచ్చి తల్లి ముఖము చూచువరకు భూస్థాపన జరుపరాదని నిశ్చయించి, బంధువులు అద్దెకొక ఫ్రీజర్ బాక్సు తెప్పించి, ముందుగదిలో, గోడమీది పెండ్లినాటి ఫొటో క్రింద, ఆమెను అందు పరుండబెట్టిరి. రెండు పగళ్లు, రెండు రాత్రులు ఆ పెట్టె ఆ గదిలో సన్నగా రొద చేయుచుండెను. వాకిట షామియానా, దాని క్రింద ప్లాస్టికు కుర్చీలు, ఫ్లాస్కులో టీ, విమానము ఎందాక వచ్చినదో మాటిమాటికి సెల్‌ఫోనులో చూచి చెప్పు మేనల్లుడు. ఇంతకు మించి ఆ యింట జరుగుచున్న పని యేదియు లేదు. మరణము సంభవించి యుండెను. సమాధి కార్యక్రమము ఇంకను రాలేదు. ఆ నడిమి కాలమున వచ్చినవారికి చేయదగినది కూర్చుండుట యొక్కటే.

రెండవనాటి సాయంకాలము, సంఘమునకు క్రొత్తగా వచ్చిన యువబోధకుడు వచ్చి, సదుద్దేశముతోనే, గొంతెత్తి ఒక పాట పాడి, పునరుత్థానమును నమ్మినవారు కన్నీరు పెట్టుట తగదనియు, అమ్మగారు ఈ వేళ పరలోకమున ఆనందించుచున్నారనియు, కావున మన మందరమును సంతోషింపవలసినదే యనియు ప్రసంగింప నారంభించెను. వృద్ధుడు చాలసేపు తల వంచుకొని విని, చివరకు చేయి కొంచెము పైకెత్తి, "రేపటి మాట రేపు చెప్పండి అయ్యగారూ. ఇవాళ ఆవిడ ఇంకా ఇంట్లోనే ఉంది" అనెను. ఆ బోధకుని యెడ నాకు గౌరవము కలిగినది. ఏలన నతడు నొచ్చుకొనక, గ్రంథము మూసి, ఒక కుర్చీ దగ్గరకు లాగుకొని, ఆయన ప్రక్కన గంటసేపు మాటలేక కూర్చుండెను.

క్రైస్తవ సంవత్సరమందు అన్నిటికంటె తక్కువగా పలుకబడు దినమొకటి కలదు. అది శుభ శుక్రవారమునకును పునరుత్థాన ఆదివారమునకును నడుమనున్న శనివారము. ఆ దినమును గూర్చి పెద్దలు వ్రాసిన గ్రంథములు కొన్ని నేను చదివితిని. కాని ఆ ముసలి సైనికుడు పలికిన ఆ రెండు వాక్యములు వినువరకు, ఆ దినము నాకు ఏమి చెప్పుచున్నదో తెలియలేదు.

మన తెలుగు సంఘములు ఆ వారమును ఎట్లు గడుపునో ఎల్లరు నెరుగుదురు. మట్టల ఆదివారమున పిల్లలు మట్టలు పట్టుకొని ఊరేగుదురు. శుక్రవారము పండ్రెండు గంటల నుండి మూడు గంటల వరకు, సిలువపై పలుకబడిన ఏడు మాటలను ఏడుగురు ప్రసంగికులు పంచుకొని చెప్పగా, ఉపవాసముతో ఎండి, చెమటతో తడిసి, ముసలివారు సైతము కదలక విందురు. ఆదివారము తెల్లవారకముందే క్రొవ్వొత్తులు చేతబట్టుకొని సమాధులతోటకు పోయి, తమ తమవారి గుర్తులపై పూలు పరచి, తూరుపు తెలుపెక్కుచుండగా పాడుదురు. ఈ రెంటి సౌందర్యమును నేను బాల్యమునుండియు ఎరుగుదును. అయితే శనివారమునాడు మన గుడిలో జరుగునదేమి? పూలబేరము, రంగుకాగితములు, మైకుల పరీక్ష, పాటలబృందపు అభ్యాసము, ఇండ్లలో క్రొత్తబట్టలు, మరునాటి వంటకు సరకులు. ఇటీవలి సంవత్సరములలో రెండు తెలుగు రాష్ట్రముల నగరములందును పట్టణములందును, సరిగా ఈ శనివారము ఉదయముననే, వేలకొలది విశ్వాసులు ఒకే రంగు చొక్కాలు ధరించి వీధులలో పరుగెత్తు 'రన్ ఫర్ జీసస్' కార్యక్రమమును జరుగుచున్నది. అందు పాల్గొను యువకుల ఉత్సాహమును నేను తక్కువచేయను. భిన్నసంఘములవారు ఒక్క వీధిలో కలిసి నడచుట మన దేశమున చిన్న సంగతి కాదు. ఐనను, ఏ దినమున ఆ పరుగు జరుగుచున్నదో ఆలోచించినప్పుడు నా మనస్సు నిలువకున్నది.

సువార్తలను ఒకసారి నెమ్మదిగా చదివి చూడుడు. యేసు శుక్రవారము మూడు గంటల ప్రాంతమున ప్రాణము విడిచెను. ఆదివారము ఇంకను చీకటి యుండగనే సమాధి ఖాళీగా కనబడెను. మొత్తము లెక్కించినను నలువది గంటలు నిండవు. అందు నిండు దినము శనివారమొక్కటే. దానిని గూర్చి మార్కును యోహానును ఏమియు చెప్పక దాటిపోయిరి. లూకా ఒక్క వాక్యము వ్రాసెను: స్త్రీలు సుగంధద్రవ్యములు సిద్ధపరచుకొని, ఆజ్ఞ చొప్పున విశ్రాంతిదినమున ఊరకుండిరని. మత్తయి మాత్రము ఆ దినమున జరిగిన ఒక సంఘటనను చెప్పెను. ఆ సంఘటన శిష్యులది కాదు. ప్రధానయాజకులును పరిసయ్యులును పిలాతునొద్దకు పోయి, ఆ మోసగాడు మూడు దినములైన పిమ్మట లేచెదనని చెప్పినది మాకు జ్ఞాపకమున్నదని తెలిపి, కావలివారిని అడిగి తీసికొని, రాతికి ముద్రవేసి, సమాధిని భద్రము చేసిరట.

ఎంత విపరీతమైన దినము! విశ్రాంతిదినమును కాపాడవలసిన మతాధికారులు ఆ దినమున పనిలో నుండిరి. సర్వము పోగొట్టుకొన్న స్త్రీలు ఆజ్ఞను పాటించి ఊరకుండిరి. అంతకంటె విపరీతమైన సంగతి మరియొకటి. లేచెదనన్న ఆయన మాటను ఆనాడు జ్ఞాపకముంచుకొన్నట్లు వ్రాయబడినవారు ఆయన శత్రువులే. మిత్రులు మరచిపోయిరి; లేక, జ్ఞాపకమున్నను ఆ జ్ఞాపకము వారి దుఃఖము చెంతకు రాజాలకపోయెను. వారు సిద్ధపరచిన ద్రవ్యములే ఇందుకు సాక్ష్యము. సుగంధద్రవ్యములు, పరిమళ తైలము మృతదేహమునకు పూయుటకే గదా. లేచి వచ్చువాని కొరకు ఎవరును వాటిని నూరి సిద్ధపరచరు.

కనుక మనము 'మధ్యనున్న శనివారము' అనునప్పుడు, ఆ 'మధ్య' అను మాట మనది, వారిది కాదు. వారికది రెండు దినముల నడిమి దినము కాదు, అన్ని దినములకు చివరి దినము. ఎమ్మాయు త్రోవలో నడచుచుండిన ఆ యిద్దరు, తమతో నడచుచున్నవాడెవడో తెలియక, ఆయననుగూర్చి తమకొకప్పుడు ఆశ యుండెనని భూతకాలమున చెప్పిరి. తాము కనిపెట్టుకొని యున్నామని వారెరుగరు. ఎరుగకయే కనిపెట్టుట అనునది ఒకటి కలదని ఆ స్త్రీల చేతులు నాకు చెప్పుచున్నవి: నమ్మకము పోయినది, రాయి ఎవరు తొలగింతురో తెలియదు, ఐనను తెల్లవారగనే పోవలెనని సంకల్పము, దానికి కావలసిన ద్రవ్యములు మూటగట్టి యున్నవి. ఆలోచనకు అందని నిరీక్షణ వారి చేతిపనిలో మిగిలి యుండెను.

ఈ 'నిరీక్షణ' అను మాటను గూర్చి ఇచ్చట కొంచెము ఆగుట అవసరము. ఆశ యను అర్థమున మన తెలుగు బైబిలు అనువాదకులు ఈ మాటను ఎన్నుకొనిరి. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అని మనము చిన్ననాటినుండి వల్లించుదుము. బజారున నడచు మామూలు తెలుగులో నిరీక్షణ మనగా ఎదురుచూపు. బస్సుకొరకు నిరీక్షించుట, ఫలితములకొరకు నిరీక్షించుట. సంస్కృతమున ఈక్షణ మనగా చూపు. నిరీక్షణము చూపు నిలిపి పరికించుట. ఆశ అను తేలికయైన మాట చేతికందునంత దూరములో నుండగా, దానిని కాదని, ఎదురుచూచుటను తెలుపు మాటను తెచ్చి వేదగ్రంథమున నిలిపిన ఆ పండితులకు, వారు మిషనరీలు కానిండు, వారికి తోడ్పడిన తెలుగు మున్షీలు కానిండు, నేను నమస్కరింతును. మన భాషలో క్రైస్తవునకు ఆశ యనగానే ఎదురుచూపు అని అర్థము వచ్చినది. ఆ మాటను ప్రతిదినము ఉచ్చరించు సంఘము, సంవత్సరమునకు ఒక్క దినము ఎదురుచూచుటకు తీరిక లేదనుట న్యాయమేనా?

పరుగు విషయమునకు మరల వత్తును. ఆ మూడు దినముల కథలో పరుగు లేకపోలేదు. మగ్దలేనే మరియ పరుగెత్తెను. ఆమె మాట విని పేతురును యోహానును పరుగెత్తిరి, యోహాను ముందుగా సమాధి చేరెను. సమాధియొద్దనుండి స్త్రీలు భయముతోను మహానందముతోను పరుగెత్తిరి. ఆ పరుగులన్నియు ఆదివారమునాటివి. శనివారమునకు ముందటి సాయంకాలము, రాయి పొర్లించి యోసేపు వెడలిపోయిన పిమ్మట, మగ్దలేనే మరియయు వేరొక మరియయు ఏమి చేయుచుండిరో మత్తయి చెప్పెను: సమాధికి ఎదురుగా కూర్చుండి యుండిరి. నగరములందు ఈ పరుగును నడపు పెద్దలకు నా విన్నపమొక్కటే. ఒక్క దినము ఆగి, దానిని ఆదివారము ఉదయమునకు మార్చుడు. నేను సైతము నా మోకాళ్లు సాగినంతమేర నడచి వచ్చెదను.

ఈ తొందర మనకు మాత్రమే కలిగినది కాదు. ప్రాచీన సంఘమున శనివారము రాత్రియంతయు జాగరణ. ఆ చీకటిలో క్రొత్త నిప్పు వెలిగించి, లేఖనములు చదివి, బాప్తిస్మమునకు సిద్ధపడినవారిని తెల్లవారులోగా నీటిలో దింపెడివారు. కాలక్రమమున పాశ్చాత్య సంఘములో ఆ జాగరణ కొంచెము కొంచెముగా ముందునకు జరిగి జరిగి, తుదకు శనివారము ఉదయమునకే వచ్చి చేరెను. రాత్రిని గూర్చిన ప్రార్థనలను, మిట్టయెండలో, క్రొవ్వొత్తి కాంతి కనబడని వేళ చదివెడివారు. 1927 ఏప్రిల్ 16న, పరిశుద్ధ శనివారమునాడు, బవేరియాలో పుట్టిన యొక శిశువునకు, అప్పుడే ఆశీర్వదింపబడిన పునరుత్థానపు నీటితో ఆ ఉదయముననే బాప్తిస్మ మిచ్చిరన్నచో కారణమిదియే; ఆ శిశువే తరువాత పోపు పదునారవ బెనెడిక్టు. శతాబ్దములు సాగిన ఈ తారుమారును సవరించుటకు పన్నెండవ పయస్ పోపు 1951లో జాగరణను మరల రాత్రికి మార్చుటకు అనుమతి నిచ్చి, 1955 శాసనముచే మరుసటి సంవత్సరమునుండి అన్ని రోమను కతోలిక దేవాలయములలో అమలుపరచెను. అప్పటినుండి ఆ శనివారము పగలు కతోలిక గుడులు బోసిగా నుండును: బల్లపై వస్త్రము లేదు, పూజ లేదు, గంట మ్రోగదు. సికిందరాబాదు సెయింట్ మేరీస్ బసిలికావంటి, 1850నాటి గొప్ప దేవాలయములో సైతము ఆ పగటివేళ లోనికి పోయి కూర్చున్నవానికి చూచుటకు ఏమియు నుండదు. ఆ ఏమియు లేకుండుటయే ఆనాటి ఆరాధన. ఇతర సంఘములకు చెందిన మేము ఈ విషయమున వారియొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఆ దినమున క్రీస్తు ఎచట నుండెను? ఈ ప్రశ్నకు విశ్వాసప్రమాణమున ఒక చిన్న పదబంధము కలదు. ఆయన మృతుల లోకమునకు దిగెనని ప్రతి ఆదివారము మనము చెప్పుచు, దాని యర్థమును ఎన్నడును అడుగకయే తరువాతి మాటకు సాగిపోవుచున్నాము. తూర్పుసంఘముల చిత్రకారులు ఈ పదబంధమును అతివైభవముగా చిత్రించిరి: క్రీస్తు పాతాళపు తలుపులను విరిచి, కాళ్లక్రింద త్రొక్కి, ఒకచేత ఆదామును ఇంకొకచేత హవ్వను మణికట్టు పట్టుకొని సమాధులనుండి పైకి లాగుచుండును. మా ప్రాంతమున పదవీవిరమణ చేసి స్థిరపడిన మలయాళీ సురియాని క్రైస్తవులలో ఈ భావన నేటికిని సజీవముగా నున్నది. స్విట్జర్లండునకు చెందిన హాన్స్ ఉర్స్ ఫాన్ బల్తజార్ అను కతోలిక పండితుడు గత శతాబ్దమున దీనిని మరియొక విధముగా చెప్పెను. ఆ శనివారమున క్రీస్తు విజేతగా కాక, తక్కిన మృతులవలెనే మృతుడై, చేతులాడక, మాటాడక, వారి ఏకాంతములో పాలుపంచుకొనెననియు, దేవుని కుమారుడు చేరని చోటు మృతులకు సైతము లేకపోవుటకే అట్లు జరిగెననియు ఆయన బోధ. ఇది సంప్రదాయవిరుద్ధమని ఆక్షేపించిన పండితులును కలరు. ఆ వాదమును తీర్చుటకు నాకు అర్హత లేదు. కాని ఆ ఫ్రీజర్ బాక్సు ప్రక్కన కూర్చున్న రాత్రి, తలుపులు విరుచు క్రీస్తుకంటె, ఊరక పడియున్న క్రీస్తే ఆ గదికి దగ్గరగా నున్నట్లు నాకు తోచినది. తలుపులు విరుచువాడును ఆయనయే యని నమ్ముదును. అది మరునాటి మాట.

మెదకు మహాదేవాలయమును చూడని తెలుగు క్రైస్తవుడు అరుదు. 1914లో మొదలిడి, కరవు కాలమున పనికి అన్నము అను నియమముతో వేలమంది పేదల చేతులమీదుగా లేచి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడమును చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పేరుతో మనము స్మరింతుము. అందలి మూడు రంగుటద్దాల కిటికీలు లోకప్రసిద్ధములు. ప్రతిష్ఠ జరిగిన నాటికి వాటిలో ఒక్కటియు లేదు. ఆరోహణమును చూపు కిటికీ 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను అమర్పబడినవి. అనగా ఒక తరము జనులు ఆ గుడిలో పుట్టి, పెండ్లియాడి, పిల్లలను కని, సిలువ కిటికీని చూడకయే గతించిరి. నేను అక్కడికి పోయినప్పుడెల్ల ఆ సిలువ కిటికీనుండి ఆరోహణ కిటికీవైపునకు తల త్రిప్పి చూతును. ఆ రెండు చిత్రములకు నడుమ ఉన్నది రాతిగోడ. సూర్యుడు ఏ వైపున నున్నను దానిమీద రంగు పడవచ్చును గాని, దానిలోనుండి వెలుగు రాదు. శనివారమును ఏ చిత్రకారుడును అంతకంటె నిజముగా చిత్రింపలేడు.

ఎదురుచూచుట సోమరితనమగునని కొందరు భయపడుదురు. వారికి ఒంగోలు కథను జ్ఞాపకము చేయుదును. 1854 జనవరి 1న తెల్లవారుజామున, నెల్లూరు మిషనుకు చెందిన జ్యూవెట్ దంపతులును ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు ప్రక్కనున్న కొండయెక్కి ప్రార్థించిరి. ఆనాటికి ఒంగోలులో వారికి సంఘము లేదు, బోధకుడు లేడు, తమ మిషను నిలుచునన్న నమ్మకము సైతము లేదు. బోధకుడు క్లౌ దొర అచ్చటికి వచ్చి చేరుటకు పండ్రెండేండ్లు పట్టెను. అటుపిమ్మట 1876-78 నాటి మహాక్షామమున, ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చిన వేలమందికి త్రవ్వకపుపని చూపెను. ఆ కాలములో బాప్తిస్మము కోరి వచ్చినవారు అనేకులు; ఆయన ఎవరికి నీయలేదు. అన్నముకొరకు మతము పుచ్చుకొనిరన్న మాట పడకూడదని, కరవు తీరువరకు, పదునైదు నెలలపాటు, వారిని ఆపెను. పారలు పట్టి మన్నుమోసిన ఆ మాదిగ పేటల జనము ఎదురుచూచిరి. 1878 జూలై 3న, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో, ఒక్కదినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను చరిత్రకారులందరు చెప్పుదురు. ఆ పదునైదు నెలలనుగూర్చి చెప్పువారు తక్కువ. పొట్టలో ఆకలి, ఎదుట దొర, కోరిన సంస్కారము అందకున్నను వెళ్లిపోక కాలువ త్రవ్వుచు నిలిచిన ఆ జనుల ఓర్పు నాకు జూలై 3కంటె గొప్పదిగా కనబడుచున్నది.

దోర్నకల్ పీఠపు బిషప్పు అజరయ్యగారు 1919లో తరంగంబాడిలో జరిగిన సభనుండి దక్షిణభారత సంఘముల ఐక్యతకై పాటుపడి, 1945 జనవరి 1న కన్నుమూసిరి. ఆ ఐక్యత మద్రాసులో 1947 సెప్టెంబరు 27న జరిగినది. ఆయన ఇరువదియైదేండ్లకు పైగా ఎదురుచూచి, దానిని చూడకయే శనివారములో పోయిరని నేను చెప్పుకొందును.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవలసి యున్నది. "శిష్యులకు తెలియదు గనుక వారు దుఃఖించిరి. మనకు ఆదివారము తెలియును గదా. తెలిసియు తెలియనట్లు శనివారము కూర్చుండుట నటన కాదా?" అని నా మిత్రుడొకడు, చదువుకొన్న దైవజనుడు, నన్నడిగెను. ప్రశ్న సమంజసమైనదే. దీనికి నా సమాధానము లాజరు సమాధియొద్ద నున్నది. అతడు రోగి యని విన్న తరువాత యేసు ఉన్నచోటనే రెండు దినములు నిలిచెను. వచ్చుసరికి సమాధిలో నాలుగు దినములైనది. మరికొన్ని నిమిషములలో అతనిని లేపబోవుచున్నానని ఆయనకు తెలియును. తెలిసియు, మరియ ఏడ్చుట చూచి ఆయన కన్నీరు విడిచెను. అది నటన యని ఎవడనగలడు? ఇదియునుగాక, మనకు తెలిసినది క్రీస్తు ఆదివారము మాత్రమే. మనవారి ఆదివారము ఇంకను రాలేదు. ఈస్టరు ఉదయమున మనము క్రొవ్వొత్తులు వెలిగించు ప్రతి గుర్తు క్రిందను ఉన్నవారు ఆ వెలుగు ఆరిపోయిన తరువాతను అచటనే యుందురు. అపొస్తలుడైన పౌలు సైతము దుఃఖింపవద్దని విశ్వాసులకు చెప్పలేదు. నిరీక్షణలేని యితరులవలె దుఃఖింపవద్దని చెప్పెను. ఈ రెంటికి ఎంత భేదము కలదో, విధవరాలి ముందు నిలిచి ప్రసంగించు ప్రతి బోధకుడును ఒకసారి ఆలోచింపవలెను.

దుఃఖమునకు గడువిచ్చుట మన తెలుగునేలకు క్రొత్త కాదు. మా వీధిలోని హిందువుల యింట మరణము సంభవించినచో, మూడవనాడు చిన్నకర్మ, పిదప పెద్దకర్మ, ఆ మధ్య దినములలో ఆ యింటివారిని ఎవరును వేడుకకు పిలువరు, తొందరపెట్టరు. ముస్లిముల యింట నలువదియవ దినమువరకు ఆ లెక్క నడచును. క్రైస్తవులమైన మనము ఆ ఆచారములను విడిచితిమి. విడుచుటకు కారణములు కలవు. కాని వాటితోబాటు, దుఃఖించువానికి సమయమిచ్చు మర్యాదను సైతము విడిచిపెట్టితిమేమో యని నాకు సందేహము. మన ఆదరణ కూడికలు నేడు ఎట్లున్నవి? షామియానా, రెండు పెద్ద స్పీకర్లు, పదిమంది ప్రసంగికులు, చివర భోజనము. భర్త పోయిన స్త్రీ ముందువరుసలో కూర్చుండి, తన దుఃఖము ఎంత త్వరగా తీరవలెనో పదిమంది నోట వినవలసి యున్నది. ఆదరణ యను మాటకు ఇది అర్థము కాదు.

యాప్రాల్ ఎదురుచూపు నెరిగిన ఊరు. లష్కరు దండును ఆనుకొని, సైన్యమున పనిచేయువారును విరమించినవారును ఇండ్లు కట్టుకొన్న చోటు. ఇచ్చటి వృద్ధస్త్రీలను అడిగినచో, 1971లో, ఆపైని 1999 కార్గిల్ వేసవిలో, ఉత్తరము రాని దినములు ఎట్లు గడచినవో చెప్పుదురు. తంతి తెచ్చువాని సైకిలు గంట వినబడినప్పుడు, అది తమ గుమ్మము దాటిపోవువరకు ఊపిరి బిగబట్టెడివారమని వారిలో ఒకామె నాతో చెప్పెను. ఆ దినములలో ఆమె యింటికి వచ్చి, అంతయు బాగుండునని చెప్పినవారు ఆమెకు జ్ఞాపకము లేరు. బియ్యము ఏరుచుండగా వచ్చి ప్రక్కన కూర్చుండి, తామును ఒక చేట తీసికొని ఏరినవారు మాత్రమే జ్ఞాపకమున్నారు. ఆమె క్రైస్తవురాలు కాదు. శనివారమును గూర్చి ఆమెకు ఎవరును బోధింప నక్కరలేదు.

కావున మన సంఘపెద్దలను, బోధకులను, ముఖ్యముగా క్రొత్తగా సేవలో ప్రవేశించిన యువకులను నేను చేతులు జోడించి కోరునది పెద్దదేమియు కాదు. రాబోవు పరిశుద్ధ శనివారమున గుడితలుపు ఉదయమునుండి చీకటిపడువరకు తెరచి యుంచుడు. మైకు వలదు, పాట వలదు, ప్రసంగము వలదు. అలంకరణలు ఆదివారము తెల్లవారుజామున చేసికొనవచ్చును. చేతులు చాలనిచో నేనును వచ్చెదను. సమాధులకు సున్నము వేయువారు మాత్రము ఆ పనిని మానవలదు. అది ఆనాటి స్త్రీలు సుగంధద్రవ్యములు సిద్ధపరచిన పనికి వారసత్వమే. సాయంకాలము, ఈ సంవత్సరము మీ సంఘమున ఎవరి యింట మరణము సంభవించెనో ఆ యిండ్లకు ఇద్దరిద్దరుగా పొండు. ప్రార్థన చేయుమని వారడిగినచో చేయుడు, అడుగనిచో కూర్చుండుడు.

మా వీధి చివరి యింట ఆ పెట్టె ఉన్న చోట ఇప్పుడు ఒక కుర్చీ వేసియున్నది. ఆయన దానిలో కూర్చుండడు, ఎవరిని కూర్చుండనీయడు. ఈ శనివారము సాయంకాలము నాలుగు గంటలకు నేను అక్కడికి పోవుచున్నాను. మీ వీధిలోను అట్టి యిల్లొకటి యుండును.